ఐక్యతా వారంలో ఒక గొంతు

ప్రార్థన రికార్డింగులో ఎవరో మేంగ్ సున్‌దక్ చావు కోరుతున్నారు.

“ప్రభువా, ఆ సున్‌దక్‌ను తీసుకుపో. ఈ చలికాలం దాటనివ్వకు.” బొంగురు గొంతు. వెంటనే ఆమెన్.

దక్షిణ కొరియాలోని మొక్పో రేవు దగ్గరి ఆ చిన్న చర్చిలో ఐక్యతా వారం ముగిసి ఒక్క రోజే అయింది. ‘ఓర్పు, ఐకమత్యం’ అని గోడకు కట్టిన బ్యానర్ ఇంకా విప్పలేదు.

మంచం పట్టిన ఒక ముసలాయన వింటాడని పాటల జట్టు నడిపే ఏరాన్ తన ఫోన్ పియానో మీద పెట్టి ఆఖరి రోజు ప్రార్థనంతా రికార్డు చేసింది. సోమవారం సాయంత్రం అందరి ముందూ గొప్పగా వినిపించింది.

అక్కడి ప్రార్థన తెలిసిందే. “ప్రభువా” అని మూడుసార్లు అరిచి, ఆపైన అరవై మందీ లేచి తిరుగుతూ, నేల మీద కూలబడుతూ, ఒకేసారి ఎవరి మొర వాళ్లు గొంతు చించుకుని పెట్టుకుంటారు. పక్కవాడి మాట పక్కవాడికి వినిపించదు. ఆ ధైర్యంతోనే దేవుణ్ణి నోటికొచ్చిందల్లా అడుగుతారు. ఎవరో అలా తిరుగుతూ పియానో పక్కకు వచ్చినప్పుడు ఆ మాట ఫోనులో పడింది. వారం రోజుల అరుపులకు అందరి గొంతులూ ఒకేలా పూడుకుపోయాయి.

స్త్రీల సమాజం పెద్ద సున్‌దక్ లేచింది.

“ఆదివారంలోగా ఆ నోరెవరిదో తేల్చండి, అయ్యగారూ. ఆ మనిషిని వెలివేయాలి. లేదా నేనే పోతా. నా వెంట సగం సంఘం వస్తుంది.”

వస్తుంది కూడా. యాంగ్ పాస్టర్ తలవంచుకున్నారు.

మంగళవారం తెల్లవారగానే సంఘపెద్ద గిల్‌హో వచ్చాడు.

“అయ్యగారూ, ఆ గొంతు నాదేనేమో.”

“నేమో ఏమిటండీ?”

“చచ్చిపోవాలని అడిగిన మాట నిజమే. అందరి ముందూ నన్ను గాడిద అంది మరి. కానీ చలికాలమని గడువు పెట్టినట్టు గుర్తులేదు.”

మధ్యాహ్నం ఏరాన్ వచ్చింది.

“నాదే, అయ్యగారూ. ఇరవై ఏళ్లుగా నా పాటను మేక అరుపంటోంది. అయినా ఆ గిల్‌హో కంటే నేను నయం కాదూ?”

శుక్రవారానికి పదకొండు మంది తేలారు. చేసినదానికి ఒక్కరూ ఏడవలేదు. దొరికిపోతామని ఏడ్చారు. పోతూ పోతూ తలా రెండు చాడీలు వదిలి వెళ్లారు.

పాస్టర్ అందరికీ ఒకటే చెప్పారు. “ప్రభువు క్షమించాడు. ఇక నోరు మూసుకోండి. వెళ్లి మరుగుదొడ్లు కడగండి.”

చర్చి మరుగుదొడ్లు ముందెన్నడూ అంతగా మెరవలేదు. తలుపు వేసుకున్నాక ఆయన “వానపాములు” అని గొణుక్కునేవారు.

సున్‌దక్ చేత మాటలు పడి కూడా ఆయన దగ్గరకు రానిది వంటింటి మల్‌సున్ ఒక్కతే. ఉత్తర కొరియా నుంచి పారిపోయి వచ్చిన మనిషి. ఆదివారం భోజనాలకు సూపు కాస్తుంది. ఆ ఊళ్లో ఆమెకు ఈ గడప తప్ప ఇంకో గడప లేదు.

ఆదివారం ఆరాధన అవగానే సున్‌దక్ వేలు ఆమె మీదికే లేచింది.

“ఇదే! సూపు కడుగునీళ్లలా ఉందన్నానని గుడ్లురిమి చూసింది. యాస దాచుకోవడానికే గొంతు మార్చింది. కాదంటారా?”

గిల్‌హో తల ఊపాడు. “నాకూ అలానే అనిపిస్తోంది.”

“అచ్చం ఉత్తరం యాసే,” అంది ఏరాన్.

పదకొండు తలలూ ఊగాయి. ఆ సంఘంలో అంత ఐకమత్యం ఏనాడూ కనిపించలేదు.

“నేను ఆవిడ మోకాళ్ల నొప్పి తగ్గాలని అడిగానండీ,” అంది మల్‌సున్.

ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆమె నడుముకున్న ఏప్రన్ విప్పి, మడిచి, బెంచీ మీద పెట్టింది. చెప్పుల అరల దగ్గరకు నడిచింది. అరవై మంది చూస్తూ కూర్చున్నారు. ఒక్కరూ లేవలేదు. వేదిక మీద పాస్టర్ కూడా చూస్తూ నిలబడ్డారు. ఆమె ఒక కాలికి చెప్పు తొడుక్కుంది. రెండోది తొడుక్కుంది. తలుపు తీసింది.

“ఆగమ్మా... ఆ గొంతు నాది, సోమవారం విన్న క్షణమే గుర్తుపట్టాను,” అన్నారు యాంగ్ పాస్టర్.