మొండిగోడల ప్లాన్

"ఛీ, ఇదేం వాసన! మీరు మనుషులేనా?"

ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని చక్రధర్ అంకుల్ బేస్‌మెంట్‌లోకి దిగాడు. కెనడాలోని కిచెనర్‌లో మా ఇంటి ఓనర్ ఆయన, పై అంతస్తులోనే ఉంటాడు. టాయిలెట్ పొంగి అప్పటికి మూడో రోజు. మెసేజ్‌లు పెట్టి పెట్టి నా వేళ్లు నొప్పి పుట్టాయి.

మా పరుపుల మీంచే బూట్లతో నడిచొచ్చి, టాయిలెట్ వైపు వెళ్లకుండా నా టేబుల్ దగ్గరే ఆగాడు.

"ఏం గీస్తున్నవ్ మృదులా?"

"కాలేజీ అసైన్‌మెంట్ అంకుల్. ఇంగ్లండ్‌లో ఐదొందల ఏళ్ల నాటి దొరగారి ఇల్లు. ఇప్పుడు మొండిగోడలే మిగిలాయి. వాటిని బట్టి ఎవరెక్కడ ఉండేవాళ్లో రాయాలి."

టేబుల్ మీదున్న రెండు ప్లాన్లలో ఒకటి చేతిలోకి తీసుకున్నాడు.

"ఈ కింది హాల్లో ఎంతమంది?"

"పదకొండు మంది. నేలమీదే పడక."

"అందరికీ ఈ ఒక్క దొడ్డేనా?"

"ఒక్కటే."

"మరి పైన?"

"ఐదు గదులు. ముగ్గురు మనుషులు."

ఆయన మొహం జేవురించింది.

"థూ! మా తాత దొర గడీల వెట్టి చేసిండు. ఏ దేశంల జూసినా దొరలంతా ఒకటే. పశువుల్ని గూడ ఇట్ల పెట్టరని రాయి. గట్టిగ రాయి!"

ఆయన చెప్పింది చెప్పినట్టు రాసుకున్నాను. తర్వాత రెండో కాగితం ఆయన ముందుకు జరిపాను.

"దొరగారి ఇల్లు ఇది అంకుల్. మీ చేతిలో ఉన్నది రెండో ప్రశ్న. ఇప్పుడు మనం ఉంటున్న ఇల్లు ఐదొందల ఏళ్ల తర్వాత మొండిగోడలుగా మిగిలితే ఎలా ఉంటుందో గీయమన్నారు."