మూడో కుర్చీ

మూడో నంబరు కుర్చీలో ఆ ముసలాయన మళ్ళీ కూర్చుని ఉన్నాడు.

ఫిబ్రవరి మంచులో మూడు గంటలు కారు నడిపి, తొమ్మిదేళ్ళ కూతురు మేబెల్‌ను చేయి పట్టుకుని తెచ్చిన డెనీస్‌కు ఒళ్ళు మండింది.

"కాస్త లేస్తారా?"

"లేస్తానమ్మాయ్. మోకాళ్ళకు చెప్పాను. అవింకా ఆలోచిస్తున్నాయి."

చొక్కా చేయి మోచేతిపైకి మడిచి ఉంది, సూదికోసం ఎదురుచూస్తున్నట్టు. కుర్చీ పట్టుకుని లేస్తూ దగ్గాడు. పొడి దగ్గు, చాలాసేపటికి గాని ఆగలేదు.

"ఇటు తిరిగి దగ్గకండి. దీనికి రోగాన్ని తట్టుకునే శక్తి లేదు. మీకు జలుబయితే మాకు ఆసుపత్రి."

"ఇది ఎవరికీ అంటదులే. నా సొంతం."

"మీరు డాక్టరా?"

"కాదు. కలప మిల్లులో రంపం నడిపాను, నలభయ్యేళ్ళు."

అతడు తలుపు పక్కనున్న బల్లమీదికి పోయి కూర్చున్నాడు. డెనీస్ మందులో తడిపిన గుడ్డతో కుర్చీని మూడుసార్లు తుడిచింది.

"రంగు పోతుంది, చూసుకో," అన్నాడు అక్కణ్ణుంచే.

ఆమె ఇంకోసారి తుడిచింది.

కెనడాలో థండర్ బే ఆసుపత్రిలోని ఆ డ్రిప్ గదిలో తొమ్మిది కుర్చీలున్నాయి. ముందు వచ్చినవారిదే కుర్చీ. ఎవరికోసమైనా అట్టేపెట్టడం నిబంధనలకు విరుద్ధం. సూది గుచ్చాక నాలుగైదు గంటలు ఎవరినీ కదిలించరు.

మేబెల్‌కు ఆటిజం, మాట రాదు. పైగా ఆమె రక్తంలో ప్రతిరక్షకాలు తయారు కావు. దాతల రక్తం నుంచి తీసినవాటిని నాలుగు వారాలకొకసారి, మంగళవారంనాడు, ఎక్కించాలి. మూడో కుర్చీలో అయితేనే ఆ పిల్ల చేయి చాపుతుంది.

ఆ కుర్చీకి మహిమేమీ లేదు. డెనీస్ సైన్సు టీచరు. సెప్టెంబరులో ఒక్కొక్క కుర్చీలో కూతురిని కూర్చోబెట్టి కారణం తేల్చింది. మిగతా కుర్చీల మీది దీపాలు సన్నగా రొద పెడతాయి. అందరికీ వినిపించని ఆ రొద మేబెల్‌కు మాత్రం భరించరానిది. దీపాలు మార్చమని పెట్టిన అర్జీ ఆ బల్లమీంచి ఈ బల్లమీదికి నడుస్తూనే ఉంది.

అప్పట్నుంచి అయిదుసార్లు వచ్చారు. అయిదుసార్లూ మూడో కుర్చీ దొరికింది.

ఆ రోజు డ్రిప్ నడుస్తుండగానే ఆమె ఫోనులో ఫిర్యాదు రాసింది. కోపం ఎక్కడా కనబడనివ్వలేదు. రోగనిరోధకశక్తి లేని పిల్ల కూర్చోవలసిన చోట, తీవ్రంగా దగ్గే వ్యక్తి ఊరికే కూర్చుంటున్నాడని మాత్రం రాసింది.

తగిన చర్య తీసుకున్నామని వారంలో జవాబు వచ్చింది.

మార్చిలో వెళ్ళేసరికి ముసలాయన లేడు. మూడో కుర్చీలో ఒకావిడ ఉన్ని అల్లుకుంటోంది. చేతికి సూది ఉంది.

"పాపకు ఇక్కడే కావాలా? నేను మారతాను," అందామె.

"మీరు కదలకండి," అంది నర్సు గ్వెన్. "నాలుగు పోట్లు పొడిస్తే దొరికిన నరం."

మేబెల్‌ను ఏడో కుర్చీలో కూర్చోబెట్టారు. ఆ పిల్ల తన మణికట్టు తానే కొరుక్కుంది. ముగ్గురు పట్టుకున్నా సూది నిలవలేదు. వచ్చేవారం చూద్దామన్నాడు డాక్టరు.

వచ్చేవారం కూడా ఆ కుర్చీ ఖాళీ లేదు.

డ్రిప్ తప్పిన పదకొండో రోజున న్యుమోనియా వచ్చింది.

ఇంటెన్సివ్ కేర్ గదిలో యంత్రం మేబెల్ చేత శ్వాస తీయిస్తోంది. నెత్తిమీద దీపాలన్నీ రొద పెడుతున్నాయి. ఆ పిల్లకు అభ్యంతరం చెప్పే స్పృహ లేదు.

డ్యూటీ దిగి గ్వెన్ చూడ్డానికి వచ్చింది.

"ఆలస్యంగా అడుగుతున్నాను," అంది డెనీస్. "మేం చేరేసరికి పది అవుతుంది. మీరు ఎనిమిదికి తెరుస్తారు. ఆ కుర్చీ అయిదుసార్లు మాకెలా మిగిలింది?"

గ్వెన్ తన బూట్లకేసి చూసుకుంది.

"రిన్నె గారు."

"ఎవరు?"

"దగ్గేవాడు. నీ ఫిర్యాదు చూసి సూపర్‌వైజర్ మంగళవారాల రోగుల జాబితా తీయించింది. అందులో ఆయన పేరు లేదు. ఇక రావద్దని చెప్పింది."

"పేరు లేకుండా ఎందుకు వచ్చేవాడు?"

"ఏడున్నరకే చలిలో తలుపు దగ్గర నిలబడేవాడు. నీకెందుకయ్యా ఈ గొడవ అంటే, రంపాల పక్కన బతికినవాణ్ణి, చెవుల బాధ నాకు తెలీదా అనేవాడు. సెప్టెంబరులో నువ్వు పిల్లను కుర్చీ కుర్చీకి మారుస్తుంటే ఎదురుగానే ఉన్నాడు."

"మేం ఏ మంగళవారం వస్తామో ఎవరు చెప్పారు?"

"నాకు తెలీదు," అంది గ్వెన్. "తెలిస్తే నా ఉద్యోగం ఉండదు."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా."

"అంటే నువ్వు దణ్ణాలు పెడతావట. నలుగురూ చూస్తారట. పైవాళ్ళు ఆపేస్తారట."

డెనీస్ యంత్రంలోని ఆక్సిజన్ అంకెలను చూసింది. తొంభై ఒకటి. ఎనభై తొమ్మిది.

"ఆయన నంబరివ్వు. నేను మాట్లాడాలి."

"శుక్రవారం పోయాడు, డెనీస్."

"ఆ దగ్గుతోనా?"

"ఊపిరితిత్తుల్లో కేన్సర్. ఇక లాభం లేదని ఆయన మందు సెప్టెంబరు నెలాఖరుకే ఆపేశారు. ఆ తర్వాత ఆయన ఆ గదికి వచ్చింది అయిదు రోజులే, ఆ అయిదూ మేబెల్ మంగళవారాలే."