మా చౌడమ్మ పేరున్న జోలపాట

మా చౌడమ్మకు జోల పాడబోతే ఇంటి గోడ నన్ను ఆపేసింది. "ఈ పాట సంహిత గారిది. మీకు అనుమతి లేదు."

అది నేను కట్టుకున్న పాట. పోయిన ఎండాకాలం గండికోటలో బొరుగులు అమ్ముకుంటూ, చీర ఉయ్యాల ఊపుతూ పాడుతుంటే వీణ వాయించే ఈ సంహితే వచ్చి ఫొటో తీసుకుంటానంది. నవ్వుతూ నిలబడ్డాను. ఫొటోతోపాటు పాట కూడా పోతుందని, దాన్ని నెట్‌లో పెట్టినవాళ్ల పేర రాసేస్తారని ఆరో తరగతితో బడి మానినదానికి ఎవరు చెప్పారు? ఫొటో కింద మాత్రం "ఈ లోయలో నన్ను నేను కలుసుకున్నాను" అని రాసుకుంది.

గోడలోంచే ఆమెను పిలిచాను.

"గౌరవంతోనే పెట్టానక్కా. అందులో ఆ పేరొక్కటి మార్చి పాడుకోండి, గోడ ఒప్పుకుంటుంది."

"ఎవురి పేరు మార్చాల? నా బిడ్డదా? లోయలో నిన్ను నువ్వు కలుసుకుంటివి కదా, నా బిడ్డతో నీకేం పని?"

"లక్షలమంది పిల్లలు ఆ పాటతోనే నిద్రపోతున్నారక్కా."

"నా బిడ్డ నిద్రపోల్యా!"

జాలిపడిందేమో, గోడలోంచి సంహితే పాట అందుకుంది. దాని నోరు పడిపోను, నాకంటే తీయగా పాడింది. తన పేరు వినగానే చౌడమ్మ ఏడుపు మాని, నా ఒళ్లోంచి గోడవైపు చేతులు చాచింది.