నోరు తెరవండి

"మళ్ళీ రెండు బన్నులు మాయం సార్!" పేదలకు ఉచితంగా తిండి పంచే గోదాం వెనక చెత్తడబ్బా మూత ఎత్తి చూపించింది ప్యాకింగ్ ఆవిడ.

మేనేజరు మండిపడలేదు. మీసం దువ్వుకున్నాడు.

"పోనీ. నిన్న వాటి క్రీములో కేకుల రంగు కలిపి మరీ పారేశాను. తింటే ప్రాణానికేం కాదు. నాలుక మాత్రం రెండు రోజులు నీలంగా ఉంటుంది."

బేకరీ దానమిచ్చే బన్నుల్లో గడువు దాటినవి పారేయాలి. అవి తిని ఎవరికైనా వాంతులైతే బేకరీవాళ్ళు సరుకు ఆపేస్తారు. ఇప్పటికే పంపేది సగమైంది. లైను చూస్తే వీధి చివరిదాకా పాకింది.

"దొరికితే ఏం చేస్తారు సార్?"

"ప్యాకెట్లు తీసుకునే కార్డు చింపేస్తా. ఒక నోరు తగ్గినా మనకు కలిసొచ్చినట్టే."

"ఆకలి కాకపోతే చెత్తలో చెయ్యెవరు పెడతారండీ?"

"మనిషికి ఒక్కసారే పెట్టాలి. మా ఇంట్లో మా నాన్న రెండోసారి కంచం చాపినా పెట్టొద్దంటాను. ఇంటికో రూలు, వీళ్ళకో రూలా?"

తలుపులు తీయించి లైను ముందు నిలబడ్డాడు.

"అందరూ నోరు తెరవండి! నాలుక చూపిస్తేనే ప్యాకెట్టు!"

ముసలీ ముతకా, పిల్లా జెల్లా నాలుకలు చాపారు. కొందరు నవ్వారు, కొందరి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక మామ్మ మాత్రం నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"తెరువు మామ్మా!"

తల అడ్డంగా ఊపింది.

"దొరికావు!" కార్డు లాక్కుని పరపరా చింపేశాడు.

మామ్మ బావురుమంది. నోట్లో ఒక్క పన్ను లేదు. నాలుక ఎర్రగానే ఉంది. బోసి నోరు నలుగురికీ చూపించడానికి సిగ్గుపడింది, అంతే పాపం.

"ముందే తెరవాల్సింది. చింపిన కార్డు అతకడం కుదరదు, వెళ్ళు," అన్నాడు మేనేజరు, ఆమె ముఖం చూడకుండా.

చివరిదాకా అన్నీ ఎర్ర నాలుకలే. దొంగ భయపడి రాలేదనుకుని, మధ్యాహ్నం గోదాం వెనక సందులో ఉన్న ఇంటికి భోజనానికి వెళ్ళాడు.

"మీ నాన్నగారు పొద్దుట్నుంచి ఒక్క మాటా మాట్లాడట్లేదు. పిలిచినా పలకరు. అలిగారేమో," అంది భార్య, కంచం పెడుతూ.

తండ్రి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"నాన్నా, లే. అన్నం తిందువుగాని."

ముసలాయన మెల్లగా ఇటు తిరిగాడు.

"ఆకల్లేదురా," అన్నాడు. ఆయన నాలుక నీలంగా ఉంది.