చేతికి తెలిసిన చీర

పార్వతీపురంలో అన్ని కొట్లకూ ఉన్నట్టే సన్యాసినాయుడి చీరల కొట్టు గుమ్మానికీ మనిషిని చూసి రకం చెప్పే యంత్రం ఉంది. ఒకావిడ లోపలికి రాగానే అది నాయుడి చెవిలో, "ఊరికే చూసిపోయే రకం, లేవకండి," అంది.

నాలుగు రోజులుగా ఆవిడ కళ్లు మూసుకుని చీరలు తడిమి వెళ్లిపోతోంది. ఈసారి నాయుడు లేచాడు.

"ఏం కావాలమ్మా?"

"మా చెల్లికి చూపు పోయింది బాబూ. అమ్మ కట్టిన చీరలాంటిది కావాలంటోంది. రంగు ఏదైనా పర్లేదు, చేతికి అలా తగలాలి."

నాయుడు అటక మీంచి పాత పొందూరు ఖద్దరు చీర దించి పరిచాడు. ఆవిడ వేళ్లు దానిమీద ఆగిపోయాయి.

"ఇలాగే ఉండేది," అంది మెల్లగా.

"చెల్లెమ్మనే తీసుకురండి, తడిమి చూసుకుంటుంది."

మర్నాడు చెల్లెలు వచ్చి ఆ చీర మీద చెంప ఆనించింది. చాలాసేపు తలెత్తలేదు. నాయుడు తొందరపెట్టలేదు.