తెర మీద తన పేరు

తవోంగా చేతిలోని ఫోను తెర, బల్లమీది కంప్యూటర్‌లో పెద్దదిగా కనబడుతోంది. మొక్కజొన్నకు పురుగు పడితే ఫోనులో వ్యవసాయ ఆఫీసుకు ఎలా తెలపాలో రుంఫీ జిల్లా రైతు మహిళలకు ఆమె మూడు రోజులుగా నేర్పుతోంది.

అంతలో స్నేహితురాలి నుంచి సందేశం వచ్చింది. తీసేయబోయి, కంగారులో తవోంగా దాన్నే నొక్కింది. నిన్న ఆ స్నేహితురాలికి తను రాసిన మాట కంప్యూటర్ నిండా పరుచుకుంది.

చదివినవాళ్లు తలలు దించుకున్నారు. ముందు వరసలోని ముసలామె మాత్రం సంబరంగా లేచింది.

"న్యా... గోండ్వే! నా పేరే! ఈ ఒక్కటీ మా మనవరాలు నేర్పిందిలే. నా గురించి ఏం రాశావు తల్లీ?"

"ఏం లేదవ్వా..." తవోంగా వైరు పీకబోయింది.

"చదవండి మేడం," వెనకనుంచి ఒకావిడ కటువుగా అంది. "రాసిన చెయ్యి మీదేగా!"

తవోంగా వైరు వదిలేసి చదివింది: "న్యాగోండ్వేకి ఫోను నేర్పడమంటే, మేకకి గొడుగు పట్టడం నేర్పడమే."

న్యాగోండ్వే మెల్లగా కూర్చుంది.

"నాకు రానిది ఫోను కాదమ్మా, అక్షరాలు. చదివి నొక్కండి, చదివి నొక్కండి అంటావు. చదువొచ్చా అని ఒక్కసారీ అడగలేదు."

"మీరైనా చెప్పాల్సింది కదా, అవ్వా?"

"ఇంతమందిలోనా? సిగ్గేసింది."

తవోంగా తలెత్తలేకపోయింది. "ఇంకెవరికైనా... చదవడం రాదా?" అని నేలచూపులతోనే అడిగింది.

పద్నాలుగు మందిలో ఒక్కొక్కటిగా తొమ్మిది చేతులు లేచాయి.

అందరికీ అర్థమవుతోందని ఈ మూడు రోజులూ తవోంగా పై ఆఫీసుకు రాసి పంపుతూ వచ్చింది.