తాళంచెవి తాత

ఇటు రండి, కాస్త దగ్గరికి జరిగి కూర్చోండి. గొంతెత్తి చెప్పుకునే ముచ్చట కాదిది.

పటాన్‌చెరు దాటాక కంది ఊళ్ళో పెద్ద చదువుల క్యాంపస్ ఉంది కదా, దాని గేటు ముందు నిషిత ఆటో దిగింది. చెవి దగ్గర ఫోను. దిగగానే ఒక ముసలాయన అడ్డం వచ్చాడు. ఎండుపుల్లలా ఉన్నాడు.

“బిడ్డా, తాళంచెవి దొరికిందా?”

“తాళంచెవా? ఆటో స్టాండ్‌లో అడుగు తాతా” అంటూ ఆమె లోపలికి నడిచింది.

వాచ్‌మన్ నరేష్ నవ్వాడు. “వారం వారం గిదే లొల్లి! ఇంటి తాళమా తాతా, బీరువా తాళమా?”

“గవేం గాదు సారూ. ఆకులల్ల దేవులాడుతున్నరంట గదా?”

“ఆకులల్ల పడ్డదా? అయితే ఏ మేకనో మింగి ఉంటది, పో!”

వెనక నవ్వులు వినిపించినా నిషిత తిరిగి చూడలేదు.

ఆమె పనంతా కంప్యూటర్‌లోనే. గుగ్గులు, మెంతి, పొడపత్రి... ఒక్కో మొక్కలోని సారాన్ని తెర మీదికి తెచ్చి, రక్తంలో కొవ్వు పేరుకునేలా చేసే ప్రొటీన్‌లో ఏది ఇముడుతుందో చూస్తుంది. ఆ ప్రొటీన్ బొమ్మ ఎవరో రోగి రక్తాన్ని బట్టి తయారైంది. వంశంలోనే కొవ్వు జబ్బున్న మనిషట. పేరు ఆమెకు చెప్పలేదు. వాళ్ళ చదువులో ఆ బొమ్మను టార్గెట్ అంటారు.

వానలు మొదలయ్యాక ఒకరోజు పొడపత్రి ఆకులోని సారం అందులో అచ్చంగా ఇమిడింది. ఆ రక్తం పంపిన పటాన్‌చెరు డాక్టర్ అరుణకు నిషిత వెంటనే ఫోన్ చేసింది.

“మేడమ్, దొరికింది! మందు కావడానికి ఏళ్ళు పడుతుంది గానీ, దారి దొరికింది. ఆ పేషెంట్‌కు చెప్పండి.”



“ఆయన పోయిన వారమే గుండె ఆగి చనిపోయిండమ్మా. బక్క మనిషి. నీకేడిది కొవ్వని ఊరంతా నవ్విన్రట. ఇద్దరు కొడుకులు గట్లనే పోయిన్రు. ఇగ మనవరాలికీ ఆ జబ్బే ఉన్నది. ఆయన ఆరాటమంతా ఆ పిల్ల కోసమే. నీ దగ్గరికి రాలేదా?”

“నా దగ్గరికా?”

“టార్గెట్ అంటే ఆయనకేం సమజైతది! నీ రక్తంల ఒక తాళం ఉన్నది పెద్దయ్యా, కందిల ఒక బిడ్డ ఆకులల్ల దాని చెవి దేవులాడుతున్నది, అని నేనే చెప్పిన.”

నిషిత వానలోనే గేటు దాకా పరుగెత్తింది.

నరేష్ గొడుగు పట్టుకుని ఎదురొచ్చాడు. “తాళంచెవి తాత ఈ వారం రాలే మేడమ్. దొరికినట్టున్నది!”

ఈ ముచ్చట మీరింకొకరికి చెప్పేటప్పుడు మాత్రం తాళంచెవి తాత అనకండి. చిన్నరాములు అని చెప్పండి. నిషిత ఇన్నాళ్ళూ తెర మీద రోజంతా కళ్ళార్పకుండా చూసిన తాళం ఆయనదే.